సాక్షి బావులు: ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ప్రతిపాదనలో నీటి అధ్యాయం

బావిలోకి దించే ముందు ఉక్కు టేపు చివరి మీటరు పొడవునా సుద్ద రాస్తాం. నీటిలో మునిగినంత మేర సుద్ద తడిసి రంగు మారుతుంది. 13 మీటర్ల గీతను బావి గట్టు మీద వేసిన ఎర్రరంగు గుర్తుకు ఆనించి పట్టుకొని, తర్వాత టేపును పైకి లాగి, తడి ఎంతవరకు ఉందో చూస్తాం. ఆ రోజు తడి 46 సెంటీమీటర్లు. అంటే నీళ్ళు గట్టు నుంచి 12.54 మీటర్ల దిగువన ఉన్నాయి. బావి లోతు 14 మీటర్లు. మే నెల మూడో వారం, ఉదయం ఆరున్నర. బావి యజమాని కూతురు, తొమ్మిదో తరగతి పూర్తిచేసి సెలవుల్లో ఉన్న అమ్మాయి, టేపు మీది తడిని వేలితో తాకి చూసి "ఇంతేనా నీళ్ళు?" అని అడిగింది.

నీటిమట్టం కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలు మా దగ్గర ఉన్నాయి. నీరు తగలగానే కూత పెడతాయి, పని త్వరగా అవుతుంది. అయినా రైతు పక్కన నిలబడి ఉన్నప్పుడు నేను సుద్ద రాసిన టేపునే వాడతాను. కూతను నమ్మాలంటే ముందు మమ్మల్ని నమ్మాలి. తడి అయితే ఎవరి కంటితో వాళ్ళు చూసుకోవచ్చు.

నేను భూగర్భజలాల మీద పనిచేస్తాను. మా చిన్న కార్యాలయం చెన్నైలో ఉంది. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికల్లో నీరు, నేల అధ్యాయాలు రాయడం మా పని. గోదావరి లోయలో, తెలంగాణ వైపు, కొత్తగా తవ్వదలచిన ఒక ఓపెన్‌కాస్ట్, అంటే సొరంగాలు లేకుండా పైనుంచే తవ్వే, బొగ్గు గనికి మేం చేసిన అధ్యయనం గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గని పేరు, దాన్ని తవ్వే సంస్థ పేరు, ఊళ్ళ పేర్లు రాయడం లేదు. లెక్కలు వివరించడానికి తీసుకున్న అంకెలు గుండ్రంగా చేసినవి. మా బృందంలో నెల్లూరు, చిత్తూరు జిల్లాల పిల్లలే ఎక్కువ. సాయంత్రం చెన్నై సెంట్రల్‌లో ఢిల్లీ వైపు వెళ్ళే రైలు ఎక్కితే తెల్లవారేసరికి బొగ్గు నేల మీద దిగుతాం. అధ్యయనం నడిచిన కాలమంతా మా జీవితం ఆ రైలు వేళలను బట్టే సాగింది.

జనవరి నీళ్ళు, మే నీళ్ళు

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబరు 14న వచ్చిన నోటిఫికేషన్ ఇలాంటి ప్రాజెక్టులకు దారి చూపిస్తుంది. ముందుగా అధ్యయనంలో ఏమేమి పరిశీలించాలో నిర్ణయిస్తారు. ముసాయిదా నివేదిక తయారయ్యాక ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. ఆ తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ నియమించిన నిపుణుల కమిటీ మదింపు చేస్తుంది. గని సరిహద్దు నుంచి పది కిలోమీటర్ల మేర గాలి, నీరు, నేల, శబ్దం, చెట్టుచేమ ప్రస్తుతం ఎలా ఉన్నాయో కొలిచి రాయాలి. వర్షాకాలం కాకుండా ఏదో ఒక రుతువులో మూడు నెలలు కొలిస్తే సాధారణంగా నిబంధన తీరిపోతుంది.

చిక్కంతా ఆ "ఏదో ఒక రుతువు" దగ్గరే వచ్చింది. సంస్థ డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొలవమంది. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు. వానలు వెళ్ళి ఎక్కువ కాలం కాలేదు కనుక బావులు నిండుగా ఉంటాయి, వాతావరణం చల్లగా ఉంటుంది, పని కూడా సులువు. కానీ పైన చెప్పిన బావినే తీసుకోండి. జనవరిలో నీళ్ళు 5 మీటర్ల దిగువన ఉన్నాయి. అంటే బావిలో 9 మీటర్ల నీరు ఉంది. గని తవ్వకం వల్ల మట్టం 2 మీటర్లు తగ్గుతుందని నివేదికలో రాస్తే చదివినవాళ్ళకు అది చిన్న నష్టంగానే కనిపిస్తుంది. తొమ్మిదిలో రెండు పోతే ఏడు మిగులుతుంది కదా! అదే బావిలో మే నెలలో ఉన్నది ఒకటిన్నర మీటర్ల నీరు. అందులోంచి రెండు మీటర్లు తీసేస్తే మిగిలేది ఎండిన అడుగు.

ఈ రెండు తీసివేతలనూ ఒక కాగితం మీద రాసి సంస్థకు పంపాను. మే నెల కొలతలు కూడా తీసుకోవాలని, అందుకయ్యే అదనపు ఖర్చులో కొంత మేమే భరిస్తామని రాశాను. వారం రోజుల తర్వాత ఒప్పుకున్నారు. అయితే మే కొలతలు ప్రధాన పట్టికలో ఉండవని, అనుబంధంలో ఉంటాయని షరతు పెట్టారు. నేను వాదించాను, గెలవలేదు. అనుబంధమైనా నివేదికలో భాగమే, బహిరంగ పత్రమే అని నాకు నేను నచ్చజెప్పుకొన్నాను. ఆ షరతుకు ఒప్పుకోకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనుకుంటున్నాను. అనుబంధాల వరకు ఓపికగా చదివేవాళ్ళు అరుదు.

బావుల ఎంపికలో మాత్రం రాజీ పడలేదు. ప్రతి బావికీ గట్టు మీద ఎర్రరంగుతో ఒక సంఖ్య, ఒక గీత వేశాం. ఎప్పుడు ఎవరు కొలిచినా ఆ గీత నుంచే కొలవాలి. బావి లోతు, చుట్టుకొలత, ఎన్నేళ్ళ నాటిది, ఏ ఏడాది పూడిక తీశారు, ఎండాకాలంలో మోటారు ఎంతసేపు నడుస్తుంది, ఇవన్నీ రైతునే అడిగి రాసుకున్నాం. అక్కడ లోతును గజాల్లో చెబుతారు. "పదిహేను గజాల బావి, మృగశిర ముందు రెండు గజాల నీళ్ళు ఉంటాయి" అని ఒక రైతు అన్నప్పుడు దాన్ని మీటర్లలోకి మార్చి చూస్తే, మా టేపు చెప్పినదానికీ ఆయన చెప్పినదానికీ జానెడు తేడా కూడా లేదు.

వీటితో పాటు గని ప్రభావం చేరదని అనుకున్న దూరంలో, అదే ఇసుకరాయిలో, అదే వాన పడే చోట మరికొన్ని బావులను ఎంచుకున్నాం. వాటిని మా బృందంలో సాక్షి బావులు అని పిలుచుకునేవాళ్ళం. కారణం సులువుగానే అర్థమవుతుంది. రేపు గని మొదలయ్యాక ఊరి బావి ఎండితే, వానలు తక్కువ కనుక ఎండిందని ఒకరంటారు, గని లాగేసింది కనుక ఎండిందని మరొకరంటారు. సాక్షి బావి కూడా అంతే దిగితే కారణం కరువు. సాక్షి బావి నిలబడి ఊరి బావి ఒక్కటే దిగితే తప్పును వానల మీదికి నెట్టడం కష్టం. రెండింటినీ ఒకే రోజుల్లో, తవ్వకానికి ముందు నుంచే కొలిచి ఉండాలి. తవ్వకం మొదలయ్యాక ఈ పని ఎవరూ చేయలేరు.

ఈ లోయలో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. రామగుండంలో తొలి ఓపెన్‌కాస్ట్ గని 1975లో వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నా, తవ్వకానికి ముందు తమ బావిలో నీళ్ళు ఎక్కడ ఉండేవో చూపించే కాగితం నేను తిరిగిన ఊళ్ళలో ఒక్కరి దగ్గరా లేదు. "మా నాన్న ఉన్నప్పుడు చేతికి అందేవి" అని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట నిజమే అయి ఉంటుంది. కానీ ఆ మాటను పట్టికలో ఎక్కడ రాయాలి?

వృత్తంలో ఇమడని నీరు

గని లోతుకు దిగుతున్నకొద్దీ చుట్టుపక్కల నేలలోని నీరు గుంతలోకి ఊరుతుంది. దాన్ని తోడిపోయకపోతే గని నడవదు. తోడేకొద్దీ చుట్టూ నీటిమట్టం దిగుతుంది. ఎంత దూరం దిగుతుంది అన్నదే మా అధ్యాయానికి గుండెకాయ.

చాలా నివేదికల్లో దీనికి ఒక పాత సూత్రం వాడతారు, సిచార్ట్ సూత్రం. నీటిమట్టం ఎన్ని మీటర్లు దిగుతుందో దాన్ని 3000తో, రాతి పారగమ్యత (నీటిని తన గుండా పోనిచ్చే గుణం) వర్గమూలంతో గుణిస్తే ప్రభావ వ్యాసార్థం వస్తుంది. ఉదాహరణకు మట్టం 100 మీటర్లు దిగుతుందని, ఇసుకరాయిలో నీరు సెకనుకు మీటరులో పది లక్షలో వంతు వేగంతో కదలగలదని అనుకుందాం. జవాబు 300 మీటర్లు. అదే రాయి పది రెట్లు ఎక్కువ నీటిని వదిలేదైతే జవాబు దాదాపు 950 మీటర్లు. ఒకే బొగ్గు క్షేత్రంలో, ఒకే పొరలో, రెండు బోర్ల మధ్య ఇలాంటి పది రెట్ల తేడా కనిపించడం వింతేమీ కాదు. ఏ బోరు అంకెను ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఒక ఊరు వృత్తం లోపల ఉంటుంది, లేదా బయట పడుతుంది.

ఈ సూత్రంలో ఇంకా పెద్ద లోపం ఉంది. ఇందులో కాలం లేదు. గని ఇరవై ముప్పై ఏళ్ళు నడుస్తుంది. కాలాన్ని కూడా కలిపే మరో పద్ధతిలో అదే రాయికి, అంటే రెండో ఉదాహరణకు, నీటి పొర మందం 100 మీటర్లు, రాయి వదిలే నీరు నూటికి ఐదు వంతులు అనుకొని లెక్క వేస్తే, పదేళ్ళకు ప్రభావం దాదాపు 3.8 కిలోమీటర్ల దాకా పాకుతుంది. వాన నీరు ఇంకడాన్ని లెక్కలోకి తీసుకోలేదు కనుక ఇది పైహద్దు. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. అయినా 950 మీటర్లు అని ఒక్క అంకె రాసి ఊరుకోవడం పాఠకుణ్ణి మోసం చేసినట్టే అని నా అభిప్రాయం. మేం రెండు హద్దులూ రాశాం, ఎందుకు రాశామో కూడా రాశాం.

అయితే ఆ రెండు హద్దులనూ తలకిందులు చేసే విషయం చెన్నైలోనే తెలిసింది. గోదావరి లోయ గనుల్లో చాలా ఏళ్ళు భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసి విరమణ పొందిన పెద్దాయన ఒకరు వేళచ్చేరిలో కొడుకు దగ్గర ఉంటారు. తెలుగువాళ్ళ ఇంట్లో ఒక పెళ్ళిలో పరిచయమయ్యారు. ఒక ఆదివారం పటాలు చుట్టుకొని ఆయన దగ్గరకు వెళ్ళాను. భోజనాల బల్ల మీద పటం పరచి, కళ్ళద్దాలు తుడుచుకొని, చాలాసేపు మాట్లాడకుండా చూశారు. తర్వాత వాగు మీద వేలు పెట్టారు.

"ఈ వాగు ఇంతదూరం తిన్నగా వచ్చి ఇక్కడ ఒక్కసారిగా పక్కకు ఎందుకు తిరిగిందో చూశావా అమ్మా?"

"మెత్తటి నేల దొరికి ఉంటుంది సార్."

"మెత్తటి నేల ఎందుకు దొరికింది? ఇక్కడ ఫాల్ట్ ఉంది. వాగు దాని వెంట నడుస్తోంది. నీ వృత్తాన్ని ఇది రెండుగా కోస్తుంది."

ఈ లోయ అంతా భ్రంశాలతో, అంటే గనుల్లో ఫాల్ట్ అనే పగుళ్ళతో, ముక్కలు ముక్కలుగా కుంగిన నేల. అలా కుంగడం వల్లే బొగ్గు పొరలు కోతకు గురికాకుండా మిగిలాయి. సంస్థ ఇచ్చిన పటంలో ఆ ఫాల్ట్ బొగ్గు ఉన్న మేరకే గీసి ఉంది. బొగ్గు అయిపోయిన చోట గీత కూడా ఆగిపోయింది. నేల లోపల అది ఆగలేదు.

తిరిగి వెళ్ళి మా సొంత మే కొలతలను చూసుకున్నాం. వాగుకు ఇటు ఒక బావి, అటు ఒక బావి, మధ్య దూరం రెండు వందల మీటర్లు. నీటిమట్టాల్లో ఏడు మీటర్ల తేడా! ఆ తేడా మా పట్టికలో మొదటి నుంచీ ఉంది. ఇంత పక్కపక్క బావుల్లో అంత తేడా ఎందుకు ఉండాలని నేను అడగలేదు. అప్పుడు ఇటువైపు బోరును మూడు రోజులు ఆపకుండా తోడి, అటువైపు బావిని గంట గంటకూ కొలిచాం. కదలలేదు. ఫాల్ట్ వెంట నలిగిన బంకమట్టి గోడలా నిలిచి నీటిని ఆపుతోంది. అదే సమయంలో, ఫాల్ట్ వెంటే ఉత్తరంగా చాలా దూరంలో ఉన్న బోరులో మట్టం దిగడం మొదలైంది.

అంటే ప్రభావం వృత్తంలా విస్తరించదు. ఫాల్ట్‌కు ఇటువైపున, దాని వెంట పొడవుగా సాగుతుంది. గనికి దగ్గరగా, వృత్తం లోపల ఉన్న ఊరికి ఇప్పటికి ముప్పు తక్కువ. దూరంగా, వృత్తం బయట, నివేదిక ముసాయిదాలో "ప్రభావం లేదు" అని రాసిన ఊరికి ముప్పు ఎక్కువ. సుద్ద తడిని వేలితో తాకి చూసిన అమ్మాయిది ఆ రెండో ఊరే.

పెద్దాయన మరో మాట కూడా చెప్పారు. బొగ్గు అన్వేషణకు వేసిన పాత బోర్లు చాలావాటిని సరిగ్గా పూడ్చి ఉండరు, పై నీటి పొరనూ అడుగు పొరనూ అవి కలుపుతాయి, వాటిని వెతికి పూడ్చాలని నివేదికలో రాయమన్నారు. రాశాం. ఆమోదంలో అది షరతుగా వచ్చింది కూడా.

తమిళనాడులో గని, నీరు అనగానే అందరికీ నెయ్‌వేలి గుర్తొస్తుంది. అక్కడ లిగ్నైట్ కింద ఒత్తిడితో ఉన్న నీరు గని అడుగును పైకి నెట్టకుండా రాత్రింబవళ్ళు తోడాలి. చెన్నైలో చదువుకున్న మాలాంటివాళ్ళం ఆ పాఠంతోనే పెరిగాం. గోదావరి లోయకు ఆ పాఠాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళడం నా తొలి పొరపాటు. ఈ లోయలో చిక్కు అడుగు నుంచి తన్నే నీరు కాదు, పక్కలకు పాకే నీటి ఎద్దడి.

చెరువుల గొలుసు

ముసాయిదాలో ఒక చెరువు గురించి ఒక్క వాక్యమే ఉంది: గని సరిహద్దుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలానుగుణ నీటి వనరు, ప్రభావం లేదు. దూరం సరిగ్గానే కొలిచారు. కానీ చెరువుకు దూరం ముఖ్యం కాదు, దానిలోకి వచ్చే నీరు ఎక్కడ పుడుతుందన్నదే ముఖ్యం. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు వాగులో పడి కింది చెరువు నింపుతుంది. ఈ చెరువుకు పైనున్న చిన్న కుంట, దానికీ దీనికీ మధ్య నడిచే కాలువ, రెండూ గని హద్దులోనే ఉన్నాయి. ఓబీ పోయడానికి గుర్తించిన స్థలం సరిగ్గా ఆ కాలువ మీద ఉంది. ఓబీ అంటే బొగ్గు పైనుంచి తవ్వి తీసే మట్టి, రాయి. అది గుట్టలుగా పేరుకుంటుంది.

లెక్క పెద్దదేమీ కాదు. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఏడాదిలో 1000 మిల్లీమీటర్ల వాన పడి, అందులో నూటికి 15 వంతులు పారితే, లక్షన్నర ఘనపు మీటర్ల నీరు అవుతుంది. మన చెరువుల భాషలో 53 లక్షల ఘనపుటడుగులు. పోగొట్టుకునే పరీవాహకం ఎన్ని చదరపు కిలోమీటర్లయితే అన్ని రెట్లు. ఒక చిన్న చెరువుకు ఇది బతుకూ చావూ తేల్చే అంకె.

గని నుంచి తోడే నీటినే చెరువుకు ఇస్తాం కదా అని సంస్థ జవాబు చెప్పింది. ఇది కొట్టిపారేయాల్సిన జవాబు కాదు. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. ఈశాన్య రాష్ట్రాల గనుల్లోలా ఆమ్లపు నీరు వచ్చే భయం ఇక్కడ అంతగా లేదు. బొగ్గు గనుల నుంచి బయటకు వదిలే నీటిలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. తేర్పు చెరువులు, అంటే మట్టి అడుగుకు దిగేదాకా నీటిని నిలిపి ఉంచే గుంటలు, కట్టి నడిపితే దాన్ని పాటించవచ్చు. పేలుడు పదార్థాల్లోని అమ్మోనియం నైట్రేట్ అవశేషాలు నీటిలో కలుస్తాయి కనుక నైట్రేటును కూడా తరచుగా పరీక్షించాలని రాశాం. కానీ గని మూతపడ్డ రోజున మోటార్లు ఆగుతాయి. మిగిలిన గుంత నిండటానికి దశాబ్దాలు పట్టవచ్చు. అప్పటిదాకా చుట్టూ ఉన్న నీరు దానిలోకే పోతుంది. చెరువుకు మోటారు నీళ్ళూ ఉండవు, వాగు నీళ్ళూ ఉండవు. అందుకే ఓబీ స్థలాన్ని మార్చి కాలువను బతికించాలని పట్టుబట్టాం. అధ్యయనం మొత్తంలో మేం పూర్తిగా సాధించినది ఇదే. ఓబీ గుట్ట పడమటికి జరిగింది. కాలువ పటంలో మిగిలింది.

దుమ్ము, పేలుళ్ళ అధ్యాయాలు వేరేవాళ్ళు రాశారు. ఓపెన్‌కాస్ట్ గనిలో దుమ్ముకు పెద్ద మూలం డంపర్లు తిరిగే మట్టి దారులే. గాలిలోని సన్న దుమ్ము (పీఎం 10) రోజు సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్న జాతీయ ప్రమాణం నిలవాలంటే ఆ దారులను రోజంతా తడపాలి, ఆ నీరు కూడా ఎక్కడి నుంచి తెస్తారో లెక్క చూపాలి. పేలుళ్ళ విషయంలో ఒక్క సూచన నేనూ చేశాను. ఇళ్ళ దగ్గర కంపనం తక్కువ పౌనఃపున్యంలో సెకనుకు 5 మిల్లీమీటర్లు మించకూడదన్న హద్దు ఉన్నా, గోడ పగుళ్ళ తగాదా హద్దుతో తీరదు. తవ్వకానికి ముందే ప్రతి ఇంటి గోడనూ ఫొటో తీసి, ఒక ప్రతి ఇంటివాళ్ళకే ఇవ్వాలి. బావికి ఎర్రరంగు గుర్తు ఎందుకో ఇదీ అందుకే.

తెలుగు సారాంశం

ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. సమావేశానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. సారాంశాన్ని చెన్నైలోనే ఒక అనువాదకుడు తయారుచేశాడు. దాన్ని చదువుతుంటే నా భాష నాకే అర్థం కాలేదు. ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "ఖనన కార్యకలాపముల వలన భూగర్భ జలమట్టమునందు స్థానికముగా స్వల్ప అవనమనము సంభవించు అవకాశము కలదు." టేపు మీది తడిని వేలితో తాకి చూసిన అమ్మాయి దీన్ని చదివి ఏం తెలుసుకుంటుంది?

ఆ రాత్రి కూర్చొని మా అధ్యాయం వరకు నేనే మళ్ళీ రాశాను. "గని లోతుకు దిగాక, మే నెలలో ఈ ఊరి బావుల్లో నీళ్ళు రెండు గజాలకు పైగా దిగవచ్చు. పదిహేను గజాలకన్నా తక్కువ లోతు బావులు ఎండిపోవచ్చు. ఆ బావుల సంఖ్యలు ఈ పట్టికలో ఉన్నాయి." సంస్థ నుంచి రెండు రోజుల పాటు ఫోన్లు వచ్చాయి. భయపెట్టేలా ఉందన్నారు. ఇంగ్లీషు నివేదికలో ఉన్న అంకెనే గజాల్లో చెప్పానని, అంకె మారలేదని జవాబిచ్చాను. చివరకు నష్టం జరిగితే సంస్థ ఏం చేస్తుందో దాని పక్కనే రాయాలన్న ఒప్పందంతో ఆ వాక్యాలు నిలిచాయి. అది న్యాయమైన కోరికే.

ప్రజాభిప్రాయ సేకరణ నాడు షామియానా కింద జనం నిండుగా ఉన్నారు. జిల్లా అధికారులు, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి వేదిక మీద ఉన్నారు. ఉద్యోగాల గురించి, భూమి ధర గురించి చాలామంది మాట్లాడారు. అవి వాళ్ళ హక్కు. నీటి గురించి మాట్లాడినవాళ్ళలో ఒక పెద్దావిడ, తెలుగు సారాంశం కాగితం చేతిలో పట్టుకొని లేచింది. "నా బావి నంబరు ఇందులో ఉంది. ఎండుతుందని మీరే రాశారు. ఎండిన రోజు నేను ఎవరి దగ్గరకు పోవాలి? వచ్చి చూసేవాళ్ళు ఎన్ని రోజుల్లో వస్తారు?"

మా నివేదికలో దానికి జవాబు లేదు. వేదిక మీది నుంచి, ట్యాంకరుతో నీళ్ళు పంపుతామని ఒక జవాబు వచ్చింది. ట్యాంకరు అంటే ఏమిటో నాకు తెలుసు. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు అడుగంటినప్పుడు మా వీధి బోరు కూడా ఎండింది. లారీ ఎప్పుడు వస్తుందో అని బిందెలు వరుసలో పెట్టి తెల్లవారుజామునే మేలుకొని కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నగరంలో తాగడానికి, వంటకు అయినా ఎలాగో సరిపెట్టుకున్నాం. పది గజాల దూరంలో కట్టేసిన గేదెలకూ రెండెకరాల వరికీ ట్యాంకరు నీళ్ళు ఎవరు పోస్తారు?

ఆ పెద్దావిడ ప్రశ్న వల్ల తుది నివేదికలో ఒక కొత్త భాగం చేరింది. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో సంస్థ మనిషి, పంచాయతీ మనిషి కలిసి బావిని కొలవాలి. ఆ కొలతను సాక్షి బావి కొలతతో పోల్చాలి. తేడా హద్దు దాటితే బావిని లోతు చేయించడమో, సాగుకు సరిపడే మరో నీటి వసతి చూపించడమో సంస్థ ఖర్చుతో జరగాలి. ఇది మా ఆలోచన అని చెప్పుకుంటే తప్పవుతుంది. అడిగింది ఆవిడ, మేం రాశాం.

ఆమోదం వచ్చాక

గనికి అనుమతి వచ్చింది. ఓబీ స్థలం మార్పు, పాత బోర్లు పూడ్చడం, ఫాల్ట్‌కు రెండు వైపులా భూగర్భ నీటిమట్టం కొలిచే పీజోమీటర్లు, సాక్షి బావుల కొలతలు షరతుల్లో చేరాయి. మే కొలతల ఆధారంగా తవ్వకం లోతును దశలవారీగా సమీక్షించాలన్న మా సిఫారసు చేరలేదు. షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సంస్థ నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికల్లో నీటి పట్టికలను నేను చదువుతూనే ఉన్నాను. మా ఒప్పందం ముగిసిపోయింది, అడిగే హక్కు నాకు లేదు. రెండేళ్ళ తర్వాత సాక్షి బావుల వరుస పట్టికలోంచి మాయమైంది. కారణం రాయలేదు.

గని మొదలైన నాలుగో ఏడాది జూన్‌లో ఆ ఊరి నుంచి ఇద్దరు రైతులు చెన్నై వచ్చారు. తెలంగాణ పర్యావరణ కేసులు కూడా వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనం ఇక్కడే, చేపాక్కంలోని కలస్ మహల్‌లో ఉంది. నష్టపరిహారం కోసం అక్కడ దరఖాస్తు చేయాలంటే కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఐదేళ్ళ గడువు ఉంటుంది. ఒక న్యాయవాదిని కలిసి, తర్వాత మా కార్యాలయం వెతుక్కుంటూ వచ్చారు. ఒకరు ఆ అమ్మాయి తండ్రి.

నా పరిస్థితి ముందే చెప్పాను. నేను సంస్థ తరఫున నివేదిక రాసిన మనిషిని. వాళ్ళ తరఫున నిపుణురాలిగా నిలబడటం వృత్తి ధర్మం కాదు. ఇంకొకరి పేరు సూచిస్తానన్నాను. అయితే నివేదిక బహిరంగ పత్రం. దానిలో ఏ పుటలో ఏముందో, ఏ అంకెకు అర్థమేమిటో ఎవరు అడిగినా చెప్పడం నా బాధ్యత. అనుబంధం తెరిచి మే నెల పట్టిక చూపించాను. వాళ్ళ బావి సంఖ్య, 12.54.

"ఈ మే నెలలో ఎంత ఉంది?" అని అడిగాను.

"నీళ్ళు లేవమ్మా. అడుగు కనిపిస్తోంది."

"సాక్షి బావులు ఎవరైనా కొలిచారా? పట్టికలో అవి కనిపించడం లేదు."

ఆయన సంచిలోంచి అట్ట వేసిన స్కూలు నోటు పుస్తకం తీశారు. మేం వచ్చేస్తూ ఆ అమ్మాయి దగ్గర వదిలేసిన పాత టేపు సంగతి నేను మరిచిపోయాను. ఇప్పుడు హైదరాబాదులో డిగ్రీ చదువుతోందట. ప్రతి వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి, మే మూడో వారంలో తండ్రి బండి మీద కూర్చొని, తమ బావితో పాటు రెండు సాక్షి బావులకూ వెళ్ళి కొలిచింది. తేదీ, వేళ, గీత దగ్గర పట్టుకున్న అంకె, తడిసిన మేర, తీసివేత, పక్కన బావి యజమాని సంతకం. ప్రతి ఏడాదికి ఒక పుట. చివరి పుటలో తమ బావికి ఎదురుగా "పొడి" అని ఉంది. సాక్షి బావులు రెండింటి అంకెలూ మా అనుబంధంలో ఉన్నవాటికి అరమీటరు తేడాలోనే ఉన్నాయి.

పుటల మడతల్లో ఇంకా సుద్ద పొడి ఉంది. నివేదికను ఆ పుస్తకం పక్కన పెట్టి, ఏ వరుసను ఏ వరుసతో పోల్చి చదవాలో న్యాయవాదికి చూపించడానికి వీలుగా, పెన్సిలుతో బావి సంఖ్యలు గుర్తుపెట్టి ఇచ్చాను.